సీసా చూస్తేనే పాప ముఖం తిప్పేసుకుంటోంది, వచ్చే నెల ఆఫీసుకు వెళ్ళాలి

పాపాయి వాళ్ళమ్మ

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగో నెల నిండింది. పుట్టినప్పటి నుంచి నా పాలే తాగుతోంది. బరువు బాగా పెరుగుతోంది, డాక్టరు గారు కూడా అంతా బాగుందన్నారు. దిగులంతా వచ్చే నెల గురించే. నా సెలవు అయిపోతోంది. ఆఫీసుకు వెళ్ళి ఇంటికి తిరిగి రావడానికి 9 గంటలు పడుతుంది. అంతసేపూ పాపను మా అత్తగారు చూసుకుంటారు. ఆవిడ దగ్గర పాప హాయిగా ఉంటుంది. ఆడుకుంటుంది, జోకొడితే నిద్రపోతుంది. పాలు మాత్రం తాగదు.

పంపుతో పాలు తీసి ఫ్రీజర్లో దాస్తున్నాను. వాటిని కరిగించి, గోరువెచ్చగా చేసి సీసాలో పోసి ఇస్తే పీకను నాలుకతో బయటకు నెట్టేస్తుంది. ఒక్కోసారి నోట్లోకి తీసుకుంటుంది గానీ చిగుళ్ళతో నములుతుందే తప్ప చీకదు. రెండు చుక్కలు నాలుక మీద పడగానే ముఖం అదోలా పెట్టి ఉమ్మేస్తుంది. ఇంకాస్త ప్రయత్నిస్తే వెనక్కి విరుచుకుపోయి గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు నేను తీసుకుని పాలిస్తే ఆ క్షణంలోనే ఊరుకుంటుంది. వెక్కుతూనే తాగుతుంది. చూస్తుంటే నాకే ఏడుపొస్తుంది.

పీకలు మార్చి చూశాం. పొడుగ్గా ఉన్నది, వెడల్పుగా ఉన్నది, అచ్చం తల్లి రొమ్ములాగే ఉంటుందని అట్టపెట్టె మీద రాసి ఉన్నది కూడా. ఏదీ పట్టలేదు. నేనిచ్చినా అంతే, అత్తగారిచ్చినా అంతే. ఇప్పుడు సీసా కనిపిస్తే చాలు, నోరు గట్టిగా మూసేస్తోంది.

తెలిసినవాళ్ళు "ఒక పూట పస్తు పెట్టు, ఆకలేస్తే అదే తాగుతుంది" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీ పిల్లలకు ఎలా అలవాటు చేశారు? అసలు అలవాటు కాకపోతే ఏం చేయాలి? రాత్రి పాప నిద్రపోయాక కూడా ఇదే టెన్షన్.

రెండో కాన్పు

మా బాబుకు నెల దాటిన దగ్గర్నుంచి రోజూ ఒకసారి సీసాతో ఇచ్చేవాళ్ళం, అందుకని ఇబ్బంది రాలేదు. మీకు కాస్త ఆలస్యమైంది, అయినా అలవాటవుతుంది లెండి. ఏదో ఒక పీక ఖాయం చేసుకుని, ఏడ్చినా వదలకుండా ఇస్తూ ఉండండి.

ఇంట్లో ఉండే నాన్న

చెల్లెమ్మా, పై వారు చెప్పిన "ఏడ్చినా వదలకుండా" అన్న ఒక్క మాట మాత్రం దయచేసి పాటించకండి. మా ఇంట్లో ముందు ఉద్యోగానికి వెళ్ళింది నా భార్య. బాబును చూసుకున్నది నేను. అప్పటికి వాడికీ ఇంచుమించు మీ పాప వయసే. కాబట్టి సీసా పట్టుకున్న చేతి వైపు నుంచి చెబుతున్నాను. మీ అత్తగారికి చదివి వినిపించండి.

ముందు ఆ భయం పోవాలి. పాప ఇప్పుడు పాలను వద్దనడం లేదు, సీసా వస్తే తర్వాత ఏడుపే అని నేర్చుకుంది. అందుకని కొన్నాళ్ళు సీసాలో పాలు పోయకండి. ఖాళీ సీసా, శుభ్రంగా కడిగి మరిగించిన పీక మీ కళ్ళ ముందే చేతికివ్వండి. పట్టుకోనివ్వండి, నమలనివ్వండి, విసిరేయనివ్వండి. ఆ తర్వాత పాలు పోసి ఇచ్చినప్పుడు ముఖం పక్కకు తిప్పిన మొదటిసారే సీసా పక్కన పెట్టేయాలి. ఏడుపు దాకా తీసుకెళ్ళకూడదు. తను వద్దంటే సీసా వెళ్ళిపోతుందని బిడ్డకు నమ్మకం కుదరాలి. మా వాడి విషయంలో అన్నిటికంటే పని చేసింది ఇదే. నేను పట్టు వదిలాక వాడు దగ్గరకు రానిచ్చాడు.

ఈ వయసులోనే ఇలా ఎందుకంటే, నెల పిల్లలు నోటికి ఏది తగిలినా చీకుతారు. అది పుట్టుకతో వచ్చే గుణం, వాళ్ళ ఇష్టాయిష్టాలతో పని లేదు. మూడు నాలుగు నెలలకు అది తగ్గిపోయి, చీకాలా వద్దా అన్నది బిడ్డ చేతిలోకి వస్తుంది. అందుకే ఆ వయసులో చాలామంది మొరాయిస్తారు. నిన్నటిదాకా సీసాతో తాగినవాళ్ళు కూడా ఉన్నట్టుండి మానేయడం ఉంది. కాబట్టి ఇది మొండితనమూ కాదు, మీరు ఆలస్యం చేసినందువల్లే అయిందనీ అనుకోకండి.

ఇక పాలు వచ్చే తీరు. మీ దగ్గర తాగేటప్పుడు పాప ముందు కాసేపు చీకుతుంది, అప్పుడు చేపు వస్తుంది, నాలుగు గుటకలు వేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ చీకుతుంది. ఎప్పుడు రావాలో ఎప్పుడు ఆగాలో తన చేతిలో ఉంటుంది. పడుకోబెట్టి సీసా పైకెత్తితే అలా కాదు, చీకినా చీకకపోయినా పాలు గొంతులోకి దిగుతూనే ఉంటాయి. పొలమారుతుంది, బెదిరిపోతుంది. అందుకని దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక చెయ్యి ఆసరా ఇచ్చి, సీసాను నేలకు సమాంతరంగా పట్టుకోండి. పీకలో సగం దాకా పాలుంటే చాలు. కొన్ని గుటకలు వేశాక సీసా అడుగు కిందికి దించండి, పీక నోట్లోనే ఉంటుంది, పాలు ఆగుతాయి. మళ్ళీ చీకడం మొదలుపెడితే మళ్ళీ ఎత్తండి. పీక అన్నిటికంటే నెమ్మదిగా కారే రకం, పుట్టిన పిల్లలకిచ్చేది తీసుకోండి. త్వరగా తాగుతుందని సూదితో రంధ్రం పెద్దది చేయకండి.

పీకను నోట్లోకి తోయకండి. పై పెదవికి ఆనించి ఉంచండి. నోరు పెద్దగా తెరిచినప్పుడు లోపలికి రానివ్వండి. తెరవకపోతే ఆ పూటకు అంతే.

ఆకలితో ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు. ఆకలేసిన బిడ్డకు కొత్తది నేర్చుకునే ఓపిక ఉండదు. తాగి గంటా గంటన్నర అయ్యాక, లేదా నిద్ర నుంచి అప్పుడే లేచి ఇంకా మత్తుగా ఉన్నప్పుడు బాగుంటుంది. మా వాడు మొదటిసారి సరిగ్గా చీకింది సగం నిద్రలోనే. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే నా చొక్కాలో అమ్మను వెతుక్కునేవాడు, దొరక్క ఏడ్చేవాడు. అందుకని వాడి వీపు నా ఛాతీకి ఆనించి, ముఖం బయటి వైపు ఉండేలా ఎత్తుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ నడుస్తూ ఇచ్చాను. పీకను ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచి తీసేవాణ్ణి. చల్లగా తగిలితే ముఖం తిప్పేవాడు.

ఇంకొకటి, ఆ సమయంలో మీరు ఇంట్లో ఉండకండి. పక్క గదిలో ఉన్నా పాపకు తెలుస్తుంది, మీ మాట వినిపిస్తుంది, వాసన తెలుస్తుంది. కాసేపు అలా బయట నడిచి రండి. మొదట్లో ఒక్కరే ఇవ్వాలి, అది మీ అత్తగారే అయితే మంచిది, రేపు ఇవ్వాల్సింది ఆవిడే కదా. ఒక్కో పూట పది నిమిషాలు చాలు. ఎన్ని మిల్లీలీటర్లు తగ్గాయో అని సీసా మీది గీతలు చూడకండి. నేను చాలా రోజులు అవే చూస్తూ కూర్చున్నాను, దానివల్ల నా కంగారు పెరిగింది తప్ప వాడు ఒక్క చుక్క ఎక్కువ తాగలేదు.

మన చేతిలో బిడ్డ అలా ఏడుస్తుంటే వీడికి నేను అక్కర్లేదేమో అనిపిస్తుంది. మీ అత్తగారికి కూడా అనిపిస్తూ ఉండొచ్చు, పైకి చెప్పకపోవచ్చు. ఆవిడతో ఒక మాట మాట్లాడండి.

వార్డు నర్సు

అమ్మా, నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పని చేస్తాను. పైన ఆ నాన్నగారు చెప్పిన పద్ధతి సరైనది. నేను మూడు విషయాలు చెబుతాను.

పస్తు పెట్టడం వద్దే వద్దు. ఆకలికి లొంగి కొందరు తాగుతారు, నిజమే. కొందరు గంటల తరబడి బిగబట్టుకుని నీరసించిపోతారు. ఈ వయసు పిల్లల ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. రోజుకు కనీసం ఆరు డైపర్లు బాగా తడవాలి. ఉచ్చ ముదురు పసుపు రంగులో రావడం, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, నోరు పొడిబారడం, మాడు లోపలికి గుంటపడటం, లేపినా మత్తుగా ఉండిపోవడం కనిపిస్తే ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

రెండోది. "రెండు చుక్కలు నాలుక మీద పడగానే ముఖం అదోలా పెట్టి ఉమ్మేస్తుంది" అని రాశారు. నాకు అనుమానం అక్కడే వచ్చింది. కరిగించిన ఆ పాలు మీరు ఎప్పుడైనా వాసన చూశారా, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నారా? తల్లిపాలలో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, కొవ్వును విడగొట్టడం దాని పని. కొందరి పాలలో దాని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్రీజర్లో ఉన్నా అది పూర్తిగా ఆగదు. కొన్నాళ్ళకు పాలకు సబ్బు వాసన, రుచి వస్తాయి. బిడ్డకు హాని లేదు, కొందరు పట్టించుకోకుండా తాగేస్తారు, కొందరు నోట్లో పెట్టనివ్వరు. ఒక పని చేయండి. అప్పటికప్పుడు తీసిన పాలను సీసాలో ఇచ్చి చూడండి. వాటిని ఉమ్మకపోతే పేచీ సగం ఆ దాచిన పాలతోనే అని తెలుస్తుంది.

అదే అయితే ఇక మీదట దాచేవాటిని ముందే కాస్త కాచాలి. అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడి చేసి, పొంగకముందే దించి, చల్లటి నీళ్ళలో గిన్నె పెట్టి త్వరగా చల్లార్చి అప్పుడు ఫ్రీజర్లో పెట్టండి. కాచడం వల్ల రోగాలను అడ్డుకునే గుణం కొంత తగ్గుతుంది, కాబట్టి వెంటనే ఇచ్చే పాలకు ఇది అక్కర్లేదు. ముందుగా దాచినవి పారబోయకుండా, తాజా పాలలో కొద్దికొద్దిగా కలిపి ఇచ్చి చూడొచ్చు. పుల్లటి వాసన వస్తే మాత్రం అవి చెడిపోయినవి, వాడకండి.

మూడోది, సీసా ఒక్కటే దారి కాదు. మా వార్డులో చీకే బలం లేని పిల్లలకు చిన్న కప్పుతోనే పాలు ఇస్తాం. తల్లి దగ్గర తాగలేని పిల్లలకు సీసా కంటే కప్పు మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది, శుభ్రం చేయడం తేలిక కాబట్టి. నిటారుగా కూర్చోబెట్టి, చేతులు అడ్డం రాకుండా బట్ట చుట్టి, కప్పు అంచును కింది పెదవి మీద తేలిగ్గా ఆనించండి. పాలు పెదవికి తగిలేంత వరకే వంచండి. నోట్లో పోయకూడదు. బిడ్డ నాలుకతో తనే అందుకుంటుంది, కాస్త పెద్దవాళ్ళయితే చప్పరిస్తారు కూడా. మొదట్లో సగం బట్ట మీద ఒలుకుతుంది, కంగారు పడకండి. ఉగ్గుగిన్నె అలవాటున్నవాళ్ళు దానితో ఇవ్వొచ్చు. ఒక గుటక మింగాకే రెండోది.

చేయకూడనివి కూడా చెప్పేస్తాను. పీకకు తేనె రాయకండి, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం, బాట్యులిజం అనే జబ్బు రావచ్చు. చక్కెర వద్దు, పాలలో నీళ్ళు కలపడం వద్దు. దిండు ఆసరాగా సీసా నిలబెట్టి వదిలేయకండి. పాలను మైక్రోవేవ్‌లో వేడి చేయకండి, ఒకచోట చల్లగా ఇంకోచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి.

మీ దగ్గర తాగేటప్పుడు కూడా తరచూ పొలమారుతున్నా, నాలుక పైకి లేవకపోతున్నా, తాగినప్పుడల్లా నొప్పితో మెలికలు తిరుగుతున్నా డాక్టరుకు ఒకసారి చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ ఉన్నట్టు లేదు.

పాపాయి వాళ్ళమ్మ

నర్సు గారూ, నిజంగా సబ్బు వాసనే! ఒక పొట్లం కరిగించి చుక్క నాలుక మీద వేసుకున్నాను. నేనే మింగలేకపోయాను. నాలుగైదు రోజుల కిందట దాచినది అంతగా లేదు, పాతవాటికి బాగా తెలుస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పాలు పట్టుకుని సీసాలు మారుస్తూ ఉన్నాం. వాసన చూడమని ఎవరూ చెప్పలేదు.

ఈ రోజు పొద్దున తీసిన పాలు అత్తగారు ఇచ్చారు, నేను బయటికి వెళ్ళాను. పాప తాగలేదు గానీ ఉమ్మలేదట. పీక కాసేపు నమిలి, రెండు మూడు గుటకలు వేసి ముఖం తిప్పేసిందట. ఆవిడ వెంటనే తీసేశారు. ఏడుపు లేదు. నాకు ఇదే పెద్ద పండగ.

అన్నయ్య గారూ, మీరు రాసిన చివరి మాటలు అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అలాగే అనిపిస్తోందే నాకు" అన్నారు. థాంక్స్ అండీ.

ఇంకో రెండు ప్రశ్నలు. 9 గంటలకు ఎన్ని పాలు పెట్టి వెళ్ళాలి? అప్పటికీ పాప కొంచెమే తాగితే ఫర్వాలేదా?

కప్పు అమ్మ

మీ రెండో ప్రశ్నకు నేను చెబుతాను, ఎందుకంటే మా అమ్మాయి చివరి దాకా సీసా ముట్టలేదు. అన్నీ చేశాం. నేను ఉద్యోగానికి వెళ్ళే రోజు రానే వచ్చింది. గేటు దాటుతుంటే కాళ్ళు వణికాయి.

పగలు మా అమ్మ కప్పుతో ఇచ్చేది. ఒకసారికి కొంచెమే, మిగతాది నేను వచ్చేదాకా నిద్రతో, ఆటతో గడిపేసేది. సాయంత్రం నేను రాగానే తాగడం మొదలుపెట్టి రాత్రంతా లేచి లేచి తాగేది. పగలు తక్కువ తాగి ఆ లోటు రాత్రి పూడ్చుకునే పిల్లలు చాలామంది ఉంటారని డాక్టరు గారు చెప్పారు. తడి డైపర్లు, బరువు చూస్తూ ఉండమన్నారు. బరువు తగ్గలేదు. తనకు ఏ లోటూ రాలేదు, నాకే నిద్ర చాలలేదు. అందుకని సాయంత్రం వచ్చాక ఇంటి పనులన్నీ పక్కన పెట్టేసి పాపతో పాటే పడుకునేదాన్ని. ఆ నెలల్లో ఇంట్లో మిగతా పనులు వేరేవాళ్ళు చూసుకోవాల్సిందే, ఇది ముందే మీ వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి. ఆరో నెల దాటి మెత్తటి ఆహారం మొదలయ్యాక పగటి బెంగ తగ్గింది. అప్పుడే స్ట్రా ఉన్న కప్పు ఇస్తే పీల్చడం త్వరగానే నేర్చుకుంది. అంటే సీసా అన్న మెట్టు ఎక్కకుండానే దాటేసింది.

మీకు ఇంకా సమయం ఉంది. సీసాతో పాటు కప్పు కూడా ఇప్పటి నుంచే చూపించండి.

వార్డు నర్సు

లెక్క చెబుతాను అమ్మా. నెల నుంచి ఆరు నెలల దాకా తల్లిపాలే తాగే పిల్లలు రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతారు. గంటకు 30 చొప్పున వేసుకోండి. మీ 9 గంటలకు 270 దగ్గర. గుమ్మం దాటే ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి మీరే ఇస్తే మధ్యలో మూడుసార్లు, ఒక్కోసారికి 60 నుంచి 90 సరిపోతాయి. ఇది అంచనా మాత్రమే, ఇంత తాగి తీరాలని అత్తగారు పాపతో పట్టుపట్టకూడదు.

దాచేటప్పుడే 30, 60 మిల్లీలీటర్ల చిన్న పొట్లాలుగా దాచండి, పాప వదిలేసినా ఎక్కువ వృథా కావు. అప్పుడే తీసిన పాలు 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి భాగంలో 4 రోజులు ఉంటాయి, తలుపు అరల్లో పెట్టకండి. ఫ్రీజర్లో 6 నెలలు బాగుంటాయి. ఫ్రిజ్‌లో కరిగించినవి పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడేయాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదు. పాప నోరు పెట్టి వదిలినవి 2 గంటల తర్వాత పారబోయాలి. పొట్లం మీద తేదీ రాయడం మరవకండి.

ఆఫీసులో ప్రతి మూడు గంటలకోసారి పాలు తీయండి. పని ఒత్తిడిలో వాయిదా వేస్తే రొమ్ములు గడ్డలు కట్టి జ్వరం రావచ్చు, మెల్లగా పాలు కూడా తగ్గుతాయి. పాపకు పగలు సీసా అలవాటవుతుందా లేదా అన్నది ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. చాలామంది తల్లులు దీన్ని పట్టించుకోరు.

పాపాయి వాళ్ళమ్మ

ఎలా ఉందో చెబుదామని వచ్చాను. ఇప్పుడు దాచే పాలన్నీ కాచి దాస్తున్నాను. వాటికి సబ్బు వాసన రావడం లేదు. పాప మధ్యాహ్నం నిద్ర లేచాక అత్తగారి భుజాన ఉండగా సీసాతో 40 దాకా తాగుతోంది, ఒక్కోసారి అంతకంటే తక్కువ. పొద్దున పూట మాత్రం సీసా ఇప్పటికీ వద్దంటోంది, అప్పుడు అత్తగారు కప్పుతో ఇస్తున్నారు. కప్పు పట్టడం నాకంటే ఆవిడకే బాగా వచ్చింది. నేను రెండు గంటలు బయట ఉండి వస్తున్నాను, వచ్చే వారం నాలుగు గంటలు చూద్దామనుకుంటున్నాం. సాయంత్రం ఆరు దాటితే పాప ఎవరి మాటా వినదు, నేనే కావాలి. ఆ సమయానికి ఇంట్లో ఉంటాను కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

ఇంట్లో ఉండే నాన్న

చాలా సంతోషం చెల్లెమ్మా. వీలైతే సోమవారం కాకుండా గురువారం ఉద్యోగంలో చేరేలా ఆఫీసులో అడగండి. రెండు రోజులు వెళ్ళగానే సెలవు వస్తుంది, పాపా మీ అత్తగారూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఆ రెండు రోజులు ఎలా గడిచాయో చూసుకుని పాలు ఎన్ని పెట్టాలో, ఏ వేళకు సీసా ఏ వేళకు కప్పు అన్నది మార్చుకోవచ్చు. మేమూ అలాగే చేశాం. సెలవు రోజుల్లో కూడా మధ్యాహ్నం ఆ ఒక్క పూట అత్తగారి చేతే ఇప్పించండి, మీరు ఇంట్లో ఉన్నారని మానేయొద్దు.